ఐఎస్‌డీఎన్: రెండు చానళ్లు ఎక్కుతున్నయి, స్పీడ్ మాత్రం 64 కాడనే ఆగుతుంది

పానగల్లు_పోరడు
మా దిక్కు ఒక డిప్లొమా కాలేజీల పాత ల్యాబ్ ఖాళీ చేస్తుంటే తుక్కు కింద పోయే సామాను నేను పట్టుకొచ్చిన. అండ్ల బీఆర్ఐ పోర్టు (ఐఎస్‌డీఎన్ లైన్ తగిలించేది) ఉన్న రౌటర్లు రెండు, ఎస్0 పోర్టులున్న (ఐఎస్‌డీఎన్ లైన్ ఇచ్చేటియి) చిన్న ఈపీఏబీఎక్స్ (ఆఫీసుల లోపలి ఫోన్ ఎక్స్చేంజ్ పెట్టె) ఒకటి ఉన్నయి. బయటి లైన్‌తోని పనే లేదు, ఈ పోర్టు నుంచి ఆ పోర్టుకు ఇంటర్నల్ నంబర్ కొడితే కాల్ పోతది, అంటే నల్లగొండల మా ఇంట్లనే ఐఎస్‌డీఎన్ (ఫోన్ తీగ మీదనే మాట, డేటా డిజిటల్‌గ పంపే పాత పద్ధతి) అన్నట్టు. ఒక రౌటర్ ఎనుక సర్వర్ లెక్క ఒక పాత పీసీ, ఇంకో రౌటర్ ఎనుక నా ల్యాప్‌టాప్.

కథ ఏందంటే రెండు బీ చానళ్లు (మాట, డేటా పోయే 64 కిలోబిట్ల దారులు) ఎక్కుతున్నయి, బీ1 బీ2 లైట్లు రెండు మంచిగ ఎలుగుతున్నయి, పింగ్ పోతుంది, కానీ 1 ఎంబీ ఫైల్ గుంజితే రెండు నిమిషాల మీదనే పడుతుంది. ఒక చానల్ బంద్ చేసి గుంజినా గంతే టైము. మరి రెండోది ఎందుకు ఎక్కినట్టు? కాన్ఫిగ్ నా సొంతది కాదు, సామాన్‌తోని పాటు దొరికిన ల్యాబ్ రికార్డుల ఉన్నది ఉన్నట్టు కొట్టిన. 64కు 64 కలిస్తే 128 కావాలె కదా. ఎవరికన్న గీ పాత ముచ్చట యాదికి ఉందా?

లేట్_నైట్_పింగ్
1 ఎంబీకి రెండు నిమిషాలా 😂 అన్నా నువ్వు ఫొటో పంపితే నేను తిని పండుకోని లేస్తా

పాలమూరు_ప్యాకెట్
నవ్వకు తమ్మీ, లెక్క కరెక్టే ఉంది. 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8 కిలోబైట్లు, 1 ఎంబీకి ఉత్త లెక్కల్నే 125 సెకన్లు పడతది, పైన హెడర్లు గిడర్లు. అంటే పానగల్లు అన్నకు ఒక చానల్ నిండుగ వాడుతుంది, రెండోది ఖాళీగ కూసుంది.

అన్నా, ఆన్సర్ చేసే దిక్కు రౌటర్ల పీపీపీ (డయల్ లైన్ మీద రెండు పెట్టెలు మాట్లాడుకునే పద్ధతి) మల్టీలింక్ (చానళ్లను ఒక్కటిగ కలుపుడు) స్టేటస్ కొట్టి చూడు. బండిల్ (కలిపిన కట్ట) ఒక్కటే ఉండి దాని కింద రెండు లింకులు ఉన్నయా, లేకుంటే బండిళ్లే రెండున్నయా? గది చెప్తే సగం తెలిసిపోతది.

దేవరకొండ_కేబుల్
ఐఎస్‌డీఎన్ల 64 రాదు భయ్, 56 నే వస్తది. నేను ఒక పాత పుస్తకంల చదివిన. 112 దాటదు.

రిటైర్డ్_జేటీఓ
56 సంగతి అమెరికాది. అక్కడ పాత ట్రంకుల్లో (ఎక్స్చేంజ్‌ల మధ్య లైన్లలో) సిగ్నలింగ్ కోసం మాట పోయే బిట్లలోనే అప్పుడప్పుడు ఒక బిట్ దొంగిలిస్తారు, ఏది దొంగిలించారో తెలియదు కాబట్టి డేటాకి ఆ బిట్ మొత్తానికే వదిలేసుకోవాలి, అందుకని 8 బిట్లలో 7 మిగిలి 56 అవుతుంది. మన దగ్గర యూరప్ పద్ధతి, ఈ1. 2.048 మెగాబిట్లు, 32 స్లాట్లు, సిగ్నలింగ్‌కి 16వ స్లాట్ విడిగా ఉంటుంది, సింక్‌కి 0వది. మాట స్లాట్ జోలికి ఎవరూ పోరు. కాబట్టి బీ చానల్ అంటే పూర్తి 64.

ఇంటికిచ్చే బీఆర్ఐ అంటే రెండు బీ, ఒక డీ. డీ చానల్ 16 కిలోబిట్లు, కాల్ పెట్టడం, దించడం, ఎవరు చేస్తున్నారు అనే కబుర్లు అందులో పోతాయి. మొత్తం 144. ఎక్స్చేంజ్ నుంచి ఇంటిదాకా వచ్చే జత తీగ మీద సింక్, మెయింటెనెన్స్ కలుపుకొని 160 నడుస్తుంది, 2బీ1క్యూ అనే కోడింగ్‌తో. మంచి కేబుల్ అయితే అయిదున్నర కిలోమీటర్ల దాకా లాగేవాళ్లం. ఇంట్లో ఎన్‌టీ1 అని ఒక పెట్టె, దాంట్లోంచి నాలుగు తీగల ఎస్ బస్. నీ ఈపీఏబీఎక్స్ ఎస్0 పోర్టు డైరెక్ట్‌గా ఆ బస్సే కాబట్టి ఎన్‌టీ1 అవసరం లేదు, అంతవరకు బాగానే చేశావు.

దేవరకొండ_కేబుల్
ఓకే సార్, 56 వాపస్ తీసుకుంటున్న

మిర్యాల_నెట్‌సెంటర్
అయ్యో ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మేం మిర్యాలగూడలో నెట్ సెంటర్ పెట్టినప్పుడు మామూలు డయలప్ మోడెమ్ మీద నాలుగు సిస్టమ్‌లు నడిపేవాళ్లం, ఇంటర్ రిజల్ట్స్ రోజు జనం మెట్ల మీద దాకా ఉండేవాళ్లు, అప్పుడు ఎవరో చెబితే ఐఎస్‌డీఎన్ పెట్టించాం, 128 అంటే మా ఏరియాలో మేమే మొనగాళ్లం అనుకున్నాం. బోర్డు మీద కూడా రాయించాం 128 హైస్పీడ్ అని. కానీ నాకు ఎప్పుడూ సెకనుకు 11 కిలోబైట్ల కంటే ఎక్కువ కనపడలేదు, 128 అయితే 16 కదా రావాలి. ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంకోటి, మా ఐఎస్‌పీ ఒక అకౌంట్‌కి ఒక్క లాగిన్ మాత్రమే ఇచ్చేది, రెండో చానల్ ఎక్కి పాస్‌వర్డ్ దగ్గర తన్నేసేది. దానికి మా సిస్టమ్స్ కుర్రాడు రెండు అకౌంట్లు కొనిపించి రెండు పేర్లతో ఎక్కించాడు. రెండూ ఎక్కేవి. ఫైల్ మాత్రం ఒకదాంట్లోనే వచ్చేది, ఇదుగో సరిగ్గా ఈ పానగల్లు తమ్ముడి బాధే.

పాలమూరు_ప్యాకెట్
@మిర్యాల_నెట్‌సెంటర్ మీ టెర్మినల్ అడాప్టర్ (ఐఎస్‌డీఎన్‌ను పీసీకి కలిపే డబ్బా) కంప్యూటర్‌కు సీరియల్ పోర్టుతోని తగిలించి ఉండె కదా?

మిర్యాల_నెట్‌సెంటర్
అవును, 9 పిన్నులది. మోడెమ్ లాగే బయట పెట్టేది. ఎలా తెలిసింది?

పాలమూరు_ప్యాకెట్
మీ 11 చెప్పింది. పీసీ సీరియల్ పోర్టు మామూలుగ 115200 దాక పోతది, అండ్ల ప్రతి బైట్‌కు స్టార్ట్ బిట్ ఒకటి స్టాప్ బిట్ ఒకటి, అంటే 8 కాదు 10 బిట్లు. 115200ను 10తోని భాగిస్తే సెకనుకు 11520 బైట్లు, గదే మీరు చూసింది. లైన్ల 128 పోతుండొచ్చు, పోర్టు కాడ ఇరుకు. లోపల పెట్టే కార్డ్ గానీ యూఎస్‌బీది గానీ, ఈథర్‌నెట్ ఉన్న రౌటర్ గానీ అయితే ఆ బాధ లేకపోవు.

మిర్యాల_నెట్‌సెంటర్
ఓరి దేవుడా. ఆ డబ్బా అమ్మినవాడు ఈ ముక్క చెప్పలేదు.

కానీ ఆగండి, అంటే మాకు 8 దాటి 11 వచ్చిందంటే కొన్నాళ్లు రెండు చానళ్లూ కలిశాయన్నట్టే కదా? రెండు పేర్లతో ఉన్నప్పుడు 8 దగ్గరే ఉండేది, తర్వాత ఐఎస్‌పీ మార్చాక 11 కనపడింది.

పాలమూరు_ప్యాకెట్
కలిసినయి. కొత్త ఐఎస్‌పీ ఒకే పేరు మీద రెండు లింకులు రానిచ్చిండు అన్నట్టు.

పానగల్లు_పోరడు
@పాలమూరు_ప్యాకెట్ నువ్వు చెప్పినట్టు చూసిన. ఆన్సర్ చేసే దిక్కు బండిళ్లు రెండున్నయి, ఒక్కోదాని కింద ఒకటే లింక్. ఒకదాని పేరు ల్యాబ్1, ఇంకోదాని పేరు ల్యాబ్2. నా దిక్కు డయలర్0, డయలర్1 అని కాల్ కొట్టే సెట్టింగులు రెండు ఉన్నయి, ఒక్కోదానికి వేరే చాప్ (లాగిన్) పేరు. ఐపీలు గూడ రెండు వేరు వేరు వచ్చినయి. రికార్డుల గట్లనే ఉంది, "ఒక చానల్‌కు ఒక యూజర్" అని రాసి కింద ఎర్ర పెన్నుతోని టిక్ గూడ పెట్టిర్రు.

మొదాల రెండో కాల్ ఎక్కకపోయేది, కాజ్ 17 యూజర్ బిజీ అని వస్తుండె, ఈపీఏబీఎక్స్ సెట్టింగుల బిజీ ఆన్ బిజీ (ఒక కాల్ ఉంటే రెండోదానికి బిజీ చెప్పుడు) అని ఉంటే తీసేసిన, అప్పటి నుంచి ఎక్కుతుంది.

పాలమూరు_ప్యాకెట్
దొరికింది.

చూడు, అవతలి రౌటర్‌కు నీ రెండు కాల్స్ ఒకే మనిషివి అని ఎట్ల తెలుస్తది? ఫోన్ నంబర్ చూసి కాదు. పీపీపీ మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు చూస్తది: ఒకటి, ఎంఆర్ఆర్‌యూ అనే ఆప్షన్ ఇద్దరు ఒప్పుకున్నరా, అది ఒప్పుకుంటేనే ఈ లింక్ మల్టీలింక్ అయితది లేకుంటే ఉత్త పీపీపీ. రెండోది ఎండ్‌పాయింట్ డిస్క్రిమినేటర్, అంటే అవతల ఉన్న పెట్టె గుర్తు. ఆఖరుది, ఆథెంటికేషన్ల చెప్పిన పేరు. గుర్తు, పేరు రెండు కలిస్తేనే కొత్త లింక్‌ను పాత బండిల్ల కలుపుతది. ఏ ఒక్కటి వేరే ఉన్నా కొత్త బండిల్ తెరుస్తది.

మిర్యాలగూడ రైస్ మిల్లు ముచ్చట అనుకో. ఒకే రైతు వడ్లు రెండు ట్రాక్టర్ల తెచ్చిండు, రెండు చిట్టీల మీద రెండు పేర్లు రాపిచ్చిండు. మిల్లోడు రెండు ఖాతాలు రాస్తడు, ఒకదాని పైస ఇంకోదాంట్ల ఎయ్యడు. నీ ల్యాబ్1, ల్యాబ్2 గట్లనే.

ఇగ డౌన్‌లోడ్ ఎందుకు పెరగదంటే, రెండు ఐపీలు వచ్చినయి అన్నవ్ కదా, నాట్ (లోపలి ఐపీని బయటి ఐపీగ మార్చుడు) ఉంటది. ఏ ఐపీ మీద ఫైల్ అడిగితే ఆ ఐపీకే వాపస్ వస్తది, మధ్యల పక్క చానల్‌కు దుంకదు. రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి ఒకేసారి రెండు ఫైళ్లు గుంజితే ఒక్కోసారి రెండు చానళ్లు నిండుతయి, ఎవరికి ఏది పడ్డదో మన చేతుల ఉండదు.

సూర్యాపేట_హైవే
ట్రాక్టర్ల ఉదాహరణ సూపర్ కానీ మిల్లోడు తరుగు తీస్తడు గా, గది మర్చిపోయినవ్

పాలమూరు_ప్యాకెట్
తరుగు గూడ ఉంది భయ్, మల్టీలింక్ హెడర్ 4 బైట్లు. చిన్న సీక్వెన్స్ నంబర్ ఆప్షన్ పెట్టుకుంటే 2 బైట్లు 😄

పానగల్లు_పోరడు
మరి ఏం మార్చాలె?

పాలమూరు_ప్యాకెట్
డయలర్1 పీకెయ్. డయలర్0 ఒక్కటే ఉంచు, దానికి ఒకటే పూల్ (పోర్టుల గుంపు), బీఆర్ఐ పోర్టును ఆ పూల్ల మెంబర్ చెయ్, రెండు బీ చానళ్లు దానెంబటే వస్తయి. చాప్ పేరు ఒక్కటే. పీపీపీ మల్టీలింక్ అనే లైన్ డయలర్ మీద గూడ ఉండాలె బీఆర్ఐ మీద గూడ ఉండాలె, చానా మంది ఒకదాని మీద కొట్టి ఇంకోటి మరుస్తరు. అవతలి దిక్కు ల్యాబ్2 యూజర్‌ను తీసెయ్. రెండు దిక్కుల కాల్స్ దించి మళ్ల ఎక్కియ్.

వనపర్తి_బ్యాకప్
ఈ మధ్యలో నా ముచ్చట. బ్యాంకు బ్రాంచీలకు నెట్‌వర్క్ సపోర్ట్ చేసేటోళ్లం, ఏ బ్యాంకో ఎందుకు లెండి. 64 లీజ్డ్ లైన్ (ఎప్పుడు ఎక్కే ఉండే కిరాయి లైన్) మెయిన్, అది పడిపోతే ఐఎస్‌డీఎన్ బ్యాకప్. మెయిన్ పడ్డదాన్ని రౌటరే చూసి డయల్ చేసుకునేది, జనానికి తెలిసేది కాదు, కౌంటర్ల మేడం ఒక నిమిషం స్లో అన్నది అంతే. నెలాఖర్ల బిల్లు చూస్తే తెలిసేది. ఒక బ్రాంచ్‌ల మెయిన్ లైన్ మంచిగైనా ఐఎస్‌డీఎన్ దిగలే, రౌటింగ్ అప్‌డేట్ ప్యాకెట్లు పోతనే ఉన్నయి కాబట్టి ఐడిల్ టైమర్ (లైన్ ఖాళీగ ఉంటే కాల్ దించేది) ఎప్పటికప్పుడు సున్నాకు వస్తుండె. రెండు చానళ్లు, రెండు కాల్స్, మీటర్ తిరుగుతనే ఉంది. మేనేజర్ ఆ బిల్లు పట్టుకోని మా ఆఫీస్‌కే వచ్చిండు.

రెండు చానళ్లు ఎక్కిస్తే రెండు కాల్స్ చార్జ్ అయితదని చెప్తే చానా మంది నమ్మకపోతుండ్రి.

మిర్యాల_నెట్‌సెంటర్
నమ్మకపోవడం ఏంటి, మా నాన్న అయితే బిల్లు చూసి ఇదేదో లైన్‌మన్ చేసిన మోసం అని ఎక్స్చేంజ్‌కి వెళ్లి గొడవ పెట్టుకున్నాడు. వాళ్లు కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పారు, బాబాయ్ మీ ఇంట్లో రెండు ఫోన్లు ఒకేసారి ఎత్తితే రెండు కాల్స్ కదా అని.

కృష్ణా_బ్రిడ్జి
గద్వాల దిక్కు మాకు ఐఎస్‌డీఎన్ ముచ్చటే లేకుండె అప్పుడు. డయలప్ గూడ వాన పడ్డదంటే గుర్రుమని కట్ అయ్యేది. 2005 జనవరిల బ్రాడ్‌బ్యాండ్ మొదలైందని పేపర్ల చదివి సంబరపడ్డం, మా కాడికి వచ్చేసరికి మస్తు టైం పట్టింది.

రిటైర్డ్_జేటీఓ
ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. మామూలు ఫోన్‌కి ఎక్స్చేంజ్ బ్యాటరీ నుంచే కరెంటు వస్తుంది, ఊళ్లో కరెంటు పోయినా ఫోన్ మోగుతుంది. ఎన్‌టీ1కి ఇంటి కరెంటు కావాలి. మన జిల్లాల్లో ఆ రోజుల కోతలు మీకు తెలుసు. ఐఎస్‌డీఎన్ తీసుకున్న షాపువాళ్లు మొదట అడిగే ప్రశ్న "సార్ ఫోన్ ఎందుకు చచ్చిపోయింది" అనే. యూపీఎస్ పెట్టుకొమ్మంటే మోటర్ కంటే మీ ఫోనుకే ఖర్చెక్కువ అనేవాళ్లు.

పానగల్లు_పోరడు
మార్చిన. బండిల్ ఒక్కటైంది, ఐపీ ఒక్కటే. కానీ ఇంకో తిప్పలు. ఇప్పుడు రెండో చానలే ఎక్కుతలేదు! మొదలు ఒకటి ఎక్కుతది, ఫైల్ గుంజుతుంటే గూడ గదొక్కటే, బీ2 లైట్ సల్లగ ఉంది. సర్వర్ దిక్కు ఫైల్ ఎక్కిస్తే మాత్రం కొంచెం సేపటికి రెండోది ఎక్కుతుంది. ఇదేం లెక్క?

లేట్_నైట్_పింగ్
ముందు రెండు ఎక్కి పని చేయలే, ఇప్పుడు ఒకటే ఎక్కి పని చేస్తుంది, అన్నా ముందుకు పోతున్నవా ఎనుకకు పోతున్నవా

వనపర్తి_బ్యాకప్
అప్‌లోడ్‌కు ఎక్కుతుంది, డౌన్‌లోడ్‌కు ఎక్కుతలేదు అంటే నాకు తెలుసు ఇది. డయలర్ లోడ్ త్రెషోల్డ్ అనే లైన్ ఎంత ఉంది?

పానగల్లు_పోరడు
128 అని ఉంది, ఎనుక ఏం లేదు.

వనపర్తి_బ్యాకప్
అంతే. ఆ అంకె 1 నుంచి 255 దాక, 255 అంటే లైన్ పూరా నిండినట్టు, 128 అంటే సగం. 128 చూసి స్పీడ్ అనుకుంటరు చానా మంది, స్పీడ్‌కు దానికి సంబంధం లేదు. ఎనుక ఏం రాయకపోతే బయటికి పోయే లోడ్ ఒక్కటే చూస్తది. నువ్వు ఫైల్ గుంజుతుంటే బయటికి పోయేటియి చిన్న చిన్న ఏక్‌లు (అందింది అనే జవాబులు), సగం ఎప్పుడు నిండాలె? ఎనుక ఈదర్ అని పెట్టు, వచ్చేది పోయేది ఏది నిండినా రెండో కాల్ కొడతది. ల్యాబ్ కాబట్టి బిల్లు రాదు కదా, 128 బదులు 1 పెట్టు, ఎంటనే రెండు ఎక్కుతయి.

బ్యాంకులల్ల మేం 1 పెట్టకపోతుంటిమి, ఎందుకో మీకు చెప్పిన 😅

పానగల్లు_పోరడు
అయిందిఇఇఇ! అదే 1 ఎంబీ ఫైల్ నిమిషం మీద కొన్ని సెకన్లకే వచ్చింది. సెకనుకు 14, 15 కిలోబైట్ల మధ్య ఆడుతుంది. బండిల్ ఒక్కటి, కింద లింకులు రెండు, రెండిట్ల బైట్లు ఇంచుమించు సమానం. వనపర్తి అన్నా, పాలమూరు అన్నా ఇద్దరికి దండాలు.

సూర్యాపేట_హైవే
నెట్‌ఫ్లిక్స్ పెట్టు ఇగ

పాలమూరు_ప్యాకెట్
మంచిగైంది. పింగ్ ఏమన్న మారిందా? చిన్నది కాదు, 1500 బైట్లది కొట్టు.

పానగల్లు_పోరడు
చిన్న పింగ్ మునుపెట్లుందో గట్లనే. పెద్దది తగ్గింది, ఇంచుమించు సగం అయింది. ఎందుకు?

పాలమూరు_ప్యాకెట్
1500 బైట్ల ప్యాకెట్ 64 లైన్ మీద పోవాలంటే ఉత్త తోలడానికే 187 మిల్లీసెకన్లు పైన పడతది. నీ రౌటర్ దాన్ని రెండు ముక్కలు చేసి రెండు చానళ్లల్ల ఒకేసారి తోలుతుంది, ఒక్కో ముక్కకు సీక్వెన్స్ నంబర్ పెట్టి. అవతలోడు ఆ నంబర్లు చూసి మళ్ల కలుపుతడు. కాబట్టి 94 కాడికి పడతది. చిన్న ప్యాకెట్‌కు ముక్కలు చేస్తే ఏం లాభం, అది 8 మిల్లీసెకన్లల్లనే పోతది.

కృష్ణా_బ్రిడ్జి
ముక్కలు చేయకుండ ఒక ప్యాకెట్ ఈ చానల్ల, తర్వాతది ఆ చానల్ల పంపితే అయిపోతది కదా, గా కలుపుడు తిప్పలెందుకు. నేనైతే ముక్కలు బంద్ చేస్తుంటి.

పాలమూరు_ప్యాకెట్
చేయొచ్చు, ముక్కలు ఆఫ్ చేసే కమాండ్ ఉంది. అప్పుడు గూడ సీక్వెన్స్ నంబర్ ఉంటది కాబట్టి వరుస తప్పదు. కానీ పెద్ద ప్యాకెట్‌కు ఆలస్యం తగ్గదు, ఏ ఒక్క ప్యాకెట్ అయినా ఒక చానల్లనే పోతది కదా. మల్టీలింక్ లేకుండ నువ్వు చెప్పినట్టు పంపితే మాత్రం ముందుది ఎనుక, ఎనుకది ముందు వచ్చి టీసీపీ (డేటా పూరా అందిందా చూసే పద్ధతి) ఏదో పోయింది అనుకోని మళ్ల అడుగుతది.

కృష్ణా_బ్రిడ్జి
రెండు చానళ్లు ఒకే స్పీడ్, ఒకే దారి. వరుస ఎందుకు తప్పుతది? నాకైతే నమ్మకం లేదు.

రిటైర్డ్_జేటీఓ
ఒకే ఈపీఏబీఎక్స్‌లో తప్పకపోవచ్చు. బయటి నెట్‌వర్క్‌లో రెండు కాల్స్ అంటే రెండు వేరు కాల్స్. ఒకటి ఒక ట్రంకు మీద, ఇంకోటి వేరే ఎక్స్చేంజ్ తిరిగి రావచ్చు. ఆలస్యంలో తేడా ఉంటుంది.

వీడియో కాన్ఫరెన్స్ వాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. మూడు బీఆర్ఐలు కలిపి 6 చానళ్లు, 384 కిలోబిట్లు పెట్టుకునేవాళ్లు. అక్కడ ప్యాకెట్లే లేవు, పీపీపీ లేదు, బిట్ల ప్రవాహమే. దానికి బాండింగ్ అని వేరే పద్ధతి, కాల్ మొదట్లోనే ఒక్కో చానల్ ఎంత ఆలస్యం ఉందో కొలిచి, ముందు వచ్చేదాన్ని ఆపి, అన్నిటినీ ఒక గీత మీదకి తెచ్చి అప్పుడు మొదలెడతారు. మధ్యలో చానళ్లు కలపడం తీయడం మల్టీలింక్‌లో సులువు, ఇక్కడ అంత సులువు కాదు. చాలామంది రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, పనితీరు వేరు.

కృష్ణా_బ్రిడ్జి
అయితే సరే. ల్యాబ్ వరకు నా మాట నిలబడ్డట్టే కదా 😎

పాలమూరు_ప్యాకెట్
ల్యాబ్ వరకు నిలబడ్డది

ఇంజినీరింగ్_బ్యాక్‌లాగ్
చిన్న డౌట్, మా సిలబస్‌ల ఇంకా ఉంది ఇది. మల్టీలింక్ పీపీపీ ఎప్పుడొచ్చింది? వైవాల అడుగుతరు.

పాలమూరు_ప్యాకెట్
1994ల ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రం) 1717, దాన్ని సవరించి 1996ల ఆర్ఎఫ్‌సీ 1990. ఆర్ఎఫ్‌సీ నంబర్ 1990, సంవత్సరం 1996, వైవాల గీడనే పడతరు. చానళ్లు అవసరాన్ని బట్టి పెంచుడు తగ్గించుడు గురించి ఇద్దరు మాట్లాడుకునే ప్రోటోకాల్ బీఏపీ, అది 1997.

ఇంజినీరింగ్_బ్యాక్‌లాగ్
థాంక్స్ అన్నా. ఇంకొక డౌట్. ఇంట్ల ఫైబర్ ఉంది, ఫోన్ల 5జీ ఉంది. గివి రెండు గిట్లనే కలిపి డబుల్ చేయొచ్చా?

లేట్_నైట్_పింగ్
అసలు ప్రశ్న ఇప్పుడు వచ్చింది

దేవరకొండ_కేబుల్
రెండు లైన్లు తగిలించే రౌటర్లు అమెజాన్ల ఉన్నయి, మా ఆఫీసుల పెట్టినం. 100, 100 కలిసి 200 వస్తది.

పాలమూరు_ప్యాకెట్
@దేవరకొండ_కేబుల్ ఒకటే ఫైల్ గుంజితే 200 వస్తదా? ఒకటే కంప్యూటర్, ఒకటే సైట్ నుంచి?

దేవరకొండ_కేబుల్
ఆగు చూసి చెప్త

దేవరకొండ_కేబుల్
95

పాలమూరు_ప్యాకెట్
ఇగో, పానగల్లు అన్నకు ముందు అయిన కథే ఇది. అది పంచుడు, కలుపుడు కాదు. పది మంది ఉన్న ఆఫీసుకు పంచుడు సాలు, మంచిదే. ఒక ఫైల్‌కు డబుల్ కావాలంటే అవతల గూడ ఒకడు కూసోని రెండు దారుల్ల వచ్చిన ముక్కలను కలపాలె. ఐఎస్‌డీఎన్ల ఆ పని ఐఎస్‌పీ చేసేది, రెండు కాల్స్ వాని పెట్టెకే పోతుండె కాబట్టి. ఇప్పుడు నీ ఫైబర్ ఒక కంపెనీ, 5జీ ఇంకో కంపెనీ, వాళ్లిద్దరు ఎందుకు కలుపుతరు? నువ్వే ఎక్కడన్న ఒక వీపీఎస్ (నెట్ల ఉండే సర్వర్) కిరాయికి తీసుకోని, ఇంటి నుంచి రెండు దారుల్ల దానికి టన్నెళ్లు ఏసి, అక్కడ కలపాలె. లేకుంటే ఎంపీటీసీపీ (ఒకే కనెక్షన్‌ను రెండు దారుల్ల నడిపే టీసీపీ), 2013ల ప్రయోగం కింద వచ్చింది, 2020ల ఆర్ఎఫ్‌సీ 8684తోని కొత్త వెర్షన్, అది గూడ రెండు దిక్కుల ఉంటేనే పని చేస్తది.

ఇంకోటి, 64కు 64 కలుపుడు ఈజీ, రెండు ఒకటే తీరు. ఫైబర్ 5 మిల్లీసెకన్లు, 5జీ ఒకసారి 20 ఒకసారి 80. ముందొచ్చిన ముక్క ఎనుకొచ్చేదాని కోసం ఆగాలె, కలిపిన స్పీడ్ ఒక్క ఫైబర్ కంటే తక్కువ గూడ పడొచ్చు.

వనపర్తి_బ్యాకప్
ఇది నిజం. నేనైతే ఇంట్ల ఫైబర్ మెయిన్, 4జీ డాంగిల్ బ్యాకప్, పడిపోతేనే ఎక్కుతది. కలుపుడు జోలికి పోలే.

పానగల్లు_పోరడు
మళ్ల నేనే. ఎస్ బస్ మీద పాత ఐఎస్‌డీఎన్ ఫోన్ ఒకటి తగిలించిన, రెండు చానళ్లు డేటాల ఉన్నప్పుడు దానికి కాల్ చేస్తే మోగుతలేదు. బిజీ అంటుంది.

మిర్యాల_నెట్‌సెంటర్
హహ ఇది మా ఇంట్లో రోజూ గొడవ. కస్టమర్లు బ్రౌజింగ్‌లో ఉంటే మా అత్తయ్య ఫోన్ కలిసేది కాదు, మీరు ఫోన్ కావాలని పక్కన పెడుతున్నారు అని మా అమ్మతో మాట్లాడటం మానేసింది కొన్నాళ్లు.

వనపర్తి_బ్యాకప్
బస్‌కు ఉన్నయే రెండు బీ చానళ్లు, రెండు నీ బండిల్ మింగింది, ఫోన్‌కు ఏడికెళ్లి వస్తది? కాల్ వస్తుంది అనే కబురు డీ చానల్ల వస్తది, అది ఖాళీనే ఉంటది. కొన్ని రౌటర్లల్ల ఆ కబురు రాంగనే ఒక డేటా లింక్ దించి ఫోన్‌కు ఇచ్చే సెట్టింగ్ ఉంటది, డేటా 64 మీద నడుస్తది, కాల్ పెట్టేసినంక మళ్ల రెండోది ఎక్కుతది. మల్టీలింక్ అందం అదే, ఒక లింక్ పోయినా ఐపీ పోదు, డౌన్‌లోడ్ కట్ కాదు. ఇంకోటి, నువ్వు బిజీ ఆన్ బిజీ తీసేసినవ్ కదా, ఫోన్‌కు వేరే ఎంఎస్ఎన్ నంబర్ (ఒకే లైన్ మీద ఒక్కో డివైస్‌కు ఇచ్చే నంబర్) ఇచ్చినవా? ఇయ్యకపోతే రౌటర్, ఫోన్ రెండు ఒకే కాల్‌కు ఎగబడతయి.

రిటైర్డ్_జేటీఓ
బస్ చివర 100 ఓమ్స్ టర్మినేషన్ రెసిస్టర్లు ఉన్నాయా చూడు, రెండు జతలకీ ఒక్కొక్కటి. రెండు డివైస్‌లు తగిలించాక లేకపోతే ఎర్రర్లు మొదలవుతాయి. ఒక్కటే ఉన్నప్పుడు చిన్న తీగకి నడిచిపోతుంది. బస్ మీద 8 డివైస్‌ల దాకా పెట్టుకోవచ్చు, మాట్లాడేది మాత్రం ఇద్దరే.

పానగల్లు_పోరడు
ఎంఎస్ఎన్ ఇచ్చిన, రెసిస్టర్లు ఎల్లుండి తెస్త, క్లాక్ టవర్ కాడ ఎలక్ట్రానిక్స్ షాపుల దొరుకుతయి. లింక్ దించే సెట్టింగ్ ఈ రౌటర్ల దొరికింది, పెట్టిన, ఫోన్ మోగింది, డౌన్‌లోడ్ ఆగలే, స్పీడ్ సగానికి పడి మళ్ల లేచింది.

దేవరకొండ_కేబుల్
అన్నా ఆ ఈపీఏబీఎక్స్ అమ్ముతవా, మా దగ్గర ఒక లాడ్జ్ ఓనర్ అడుగుతుండు రూములకు ఇంటర్‌కమ్ కావాలని

పానగల్లు_పోరడు
అమ్మ. దానికి పీఆర్ఐ (30 బీ చానళ్ల ఐఎస్‌డీఎన్ లైన్) కార్డ్ ఎక్కడన్న పాత సామాన్ల దొరికితే చెప్పు, నేనే కొంట. 30 చానళ్లు కలిపి చూడాలె.

లేట్_నైట్_పింగ్
30 కలిపితే ఎంత అయితది

పాలమూరు_ప్యాకెట్
1920 కిలోబిట్లు. నీ ఫొటో నువ్వు తినకముందే పోతది.